ఫిల్మ్‌మేకింగ్ టెక్స్ట్‌బుక్: ముందు నువ్వు చదవాలా, మీ నాన్న చదవాలా?

ప్రశ్న: అక్కా, ఇంకో రెండు నెలల్లో ఫిల్మ్‌మేకింగ్ కోర్సులో చేరబోతున్నా. మొదటి సెమిస్టర్‌కి ఒక టెక్స్ట్‌బుక్ చెప్పారు, పరిచయం లాంటిది, స్క్రిప్ట్ దగ్గర్నుంచి ఎడిటింగ్ దాకా అన్నీ ఉన్నాయి, నాలుగొందల పేజీల పైమాటే. సీనియర్ ఒకతను తన కాపీ ఇచ్చాడు, పాత ఎడిషన్. యాభై పేజీలు చదివా, చదువుతుంటే అర్థమైనట్టే ఉంది, మర్నాటికి ఏమీ గుర్తుండట్లేదు. ఫ్రెండ్సేమో ఈ రోజుల్లో పుస్తకం ఎవడు చదువుతాడ్రా, వీడియోలు చూస్తే చాలు అంటున్నారు. ఇంట్లో మా నాన్నకి సినిమాలంటే పిచ్చి, తీయాలని కాదు, ఊరికే చూడటమే, ఆయనా చదువుతా అంటున్నారు. ఇది నాకు నిజంగా పనికొస్తుందా? ఆయనకి పనికొస్తుందా? పాత ఎడిషన్ పర్లేదా? ఇద్దరికీ కలిపి ఒకటే కాపీ, ముందు ఎవరు చదవాలి?

జవాబు:

తమ్ముడూ, నీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తా. పుస్తకం ఇవాళే మీ నాన్నగారికి ఇచ్చెయ్. జోక్ చెయ్యట్లేదు. ఒక వారం పదిరోజులు నువ్వు దాన్ని ముట్టుకోకు. ఎందుకో చెప్తా, కొంచెం పెద్దగానే రాస్తా, ఓపిగ్గా చదువు.

యాభై పేజీలు చదివినా మర్నాటికి గుర్తుండట్లేదు అన్నావు కదా, అది నీ బుర్ర తప్పూ కాదు, పుస్తకం తప్పూ కాదు. ఇలాంటి పుస్తకాలు రాసేవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి క్లాసులు చెప్పినవాళ్ళు, స్టూడెంట్స్ ఎక్కడెక్కడ బోల్తా పడతారో చూసి చూసి, ప్రతి గోతి పక్కనా ఒక బోర్డు పాతినట్టు రాస్తారు. నువ్వింకా ఆ దారిలో నడవనేలేదు, ఒక్క గోతిలోనూ పడలేదు, అందుకని బోర్డులు చదువుతూ పోతున్నావు గానీ తలకెక్కట్లేదు. నీ దగ్గర ఇంకా ఒక్క తప్పు కూడా లేదు తమ్ముడూ, అదీ అసలు ఇబ్బంది.

నా సంగతే చెప్తా విను. కోర్సులో 180 డిగ్రీల రూల్ మీద, అంటే ఇద్దరు మనుషుల మధ్య ఒక గీత ఉందనుకుని కెమెరాని దానికి ఒకవైపే ఉంచాలన్న రూల్ మీద, పరీక్ష రాసి, మార్కులు కూడా బాగానే తెచ్చుకుని, ఆ వారంలోనే మొదటి షార్ట్ ఫిల్మ్ తీశా. టేబుల్‌కి అటూ ఇటూ అక్కాచెల్లెళ్ళు కూర్చుని గొడవపడే సీను, అంతే, మొత్తం కలిపి మూడు నిమిషాలు. అక్క షాట్లన్నీ అయిపోయాయి, చెల్లెలి వైపు తిరిగేసరికి వెనకాల గోడ బోసిగా ఉంది, అదే టేబుల్‌కి అవతలి పక్కనుంచి పెడితే కిటికీ వస్తుంది, వెలుగు కూడా బ్రహ్మాండంగా ఉంది, ఇంకేముంది కెమెరా ఎత్తి అటుపక్క పెట్టేశా. అక్కడ ఎనిమిది మందిమి ఉన్నాం, అందరం ఆ పరీక్ష పాసైనవాళ్ళమే, ఒక్కళ్ళు కూడా ఇదేంటి అని అడగలేదు. ఎడిటింగ్‌లో కూర్చుంటే ఇద్దరూ ఫ్రేమ్‌లో కుడివైపుకే చూస్తున్నారు. ఒకళ్ళతో ఒకళ్ళు పోట్లాడుతున్నట్టు లేదు, ఇద్దరూ ఒక జట్టై పక్కనెవరో మూడో మనిషిని తిడుతున్నట్టుంది.

ఆ రాత్రి అదే పుస్తకం, అదే పేజీ మళ్ళీ తీశా. ఇద్దరు మనుషులు, మధ్యలో చుక్కల గీత, గీతకి ఒకవైపే మూడు కెమెరాలు, పైనుంచి చూసినట్టు గీసిన బొమ్మ. పరీక్షకి ముందు దాన్ని పదిసార్లు చూసుంటా. ఈసారి బొమ్మ కింద చిన్న పేరా ఒకటి కనపడింది, గీత దాటాలంటే ఎలా దాటాలో అందులో ఉంది: కట్ చెయ్యకుండా ఆ షాట్‌లోనే కెమెరాని నడిపించుకుంటూ అటువైపు తీసుకెళ్ళు, లేదా సరిగ్గా గీత మీద నుంచి ఒక షాట్ తీసి మధ్యలో వెయ్యి, లేదా పాత్రలే లేచి జరిగితే గీత వాళ్ళతోపాటు జరుగుతుంది. అంటే నాకా కిటికీ దక్కేదే! చెల్లెల్ని లేపి నాలుగడుగులు వేయిస్తే సరిపోయేది. ఆ పేరా అంతకుముందూ అక్కడే ఉంది, నాకే దాంతో పని లేదు.

అందుకని నువ్వు చెయ్యాల్సింది ఇది. ఫోన్ తీసుకో, ఇంట్లో ఇద్దరిని కూర్చోబెట్టి ఒక నిమిషం సీను తియ్యి. కథేం అక్కర్లేదు, ఒకళ్ళు ఏదో అడగాలి, రెండోవాళ్ళు ఇవ్వనంటారు, అంతే. నాలుగైదు షాట్లుగా విడగొట్టు, ఫోన్‌లోనే ఎడిట్ చేసెయ్. దరిద్రంగా వస్తుంది, కంగారుపడకు, రావాలి కూడా. తర్వాత ఒక కాగితం మీద ఏమేం చిరాకు పుట్టించాయో నీ సొంత మాటల్లో రాసుకో. మొహం నల్లగా ఉంది, గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది, కట్ దగ్గర మనిషి ఎగిరి పక్కకి పడ్డట్టుంది, ఇలాంటివి. పదన్నా వస్తాయి. అప్పుడు నాన్నగారి దగ్గర్నుంచి పుస్తకం తీసుకుని ఆ కాగితం పక్కన పెట్టుకుని తెరువు. మొదటి చాప్టర్ నుంచి కాదు, వెనక ఇండెక్స్ నుంచి. ఉదాహరణకి మనిషి ఎగిరిపడ్డట్టున్న కట్ ఉంది చూశావా, దానికి జంప్ కట్ అని పేరుంటుంది, అదే మనిషిని మళ్ళీ తీసేటప్పుడు కెమెరాని కనీసం 30 డిగ్రీలన్నా జరపమని రూల్ ఉంటుంది, ఫ్రేమ్ సైజు కూడా కొట్టొచ్చినట్టు మార్చమని ఉంటుంది. నీ సొంత తప్పుకి పేరు దొరికాక అది జన్మలో మర్చిపోవు.

ఇప్పుడు నీ ఫ్రెండ్స్ మాట. వీడియోలు చూస్తే చాలు అనేవాళ్ళు సగం కరెక్టే, నేనూ రోజూ చూస్తా. కదిలే విషయాలు కదిలే బొమ్మలోనే బాగా అర్థమవుతాయి. ఫోకస్ ఒక మొహం మీద నుంచి ఇంకో మొహం మీదకి ఎలా జారాలి, గింబల్ (కెమెరా కుదుపులు తగ్గించే పిడి) పట్టుకుని ఎలా నడవాలి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుంది, వీటికి పుస్తకంలో ఆరు పేజీలు చదివేకన్నా రెండు నిమిషాల వీడియో మేలు. కానీ వీడియో వెతకాలంటే ముందు ఏం వెతకాలో తెలియాలి కదా. నీ సీన్‌లో కట్ పడ్డ ప్రతిసారీ వెనకాల గాలి చప్పుడు మారిపోతోందనుకో, దానికి మందు రూమ్ టోన్, అంటే విడిగా రికార్డ్ చేసుకున్న ఖాళీ గది శబ్దం, అని నీకు తెలిస్తేనే ఆ పేరు కొట్టి వెతుకుతావు, పేరే తెలియకపోతే 'ఆడియో బాగోలేదు' అని కొట్టి, ఎవరో మైకులు అమ్ముకునే వీడియోలు రాత్రంతా చూస్తూ కూర్చుంటావు. టెక్స్ట్‌బుక్ గొప్పతనం నా లెక్కలో ఇదే, నీకు తెలియదన్న సంగతి కూడా నీకు తెలియని వాటిని పేర్లతో సహా ఒకచోట పరిచి పెడుతుంది. అదీగాక వీడియోలవాళ్ళు పది మందికీ నచ్చేదే చేస్తారు, లెన్సుల మీద వెయ్యి వీడియోలుంటాయి, కాల్‌షీట్, అదే ఏ రోజు ఎవరు ఎన్నింటికి ఎక్కడికి రావాలో రాసే కాగితం, ఎలా రాయాలో చెప్పేవి ఎన్ని ఉంటాయి చెప్పు?

కాల్‌షీట్ అన్నాను కాబట్టి అక్కడే ఆగుదాం, ఎందుకంటే స్టూడెంట్స్ అందరూ దాటేసే చాప్టర్ అదే. ప్రొడక్షన్, ప్లానింగ్, షెడ్యూల్, ఇలా ఏదో పేరుంటుంది, అన్నీ పట్టికలే, ఆఫీసు ఫైలు చదువుతున్నట్టుంటుంది, చూడగానే నిద్రొస్తుంది. నేనూ దాటేశా. తర్వాత తెలిసింది, స్టూడెంట్ ఫిల్మ్స్ సగంలో ఆగిపోయేది కెమెరా చేతకాక కాదు, ఇలాంటివాటి వల్లే. కథ వరసలో కాకుండా లొకేషన్ వరసలో ఎందుకు తీస్తారు, ఒక గదిలో జరిగే సీన్లన్నీ ఒకేరోజు పెట్టుకుంటే లైట్లు ఎన్నిసార్లు మార్చే పని తప్పుతుంది, అలా ముక్కలు ముక్కలుగా తీస్తున్నప్పుడు మొదటి సీన్‌లో చొక్కా చేతులు మడిచి ఉన్నాయా దించి ఉన్నాయా అన్నది ఎవరు రాసుకోవాలి, ఎవరికి ఎన్ని గంటలకి ఎక్కడికి రమ్మని చెప్పాలి, ఎవరింట్లోనో తీసేటప్పుడు వాళ్ళ ఒప్పుకోలు కాగితం మీద ఎందుకు తీసుకోవాలి. ఇంకోటి, తీసినదాన్ని మూడు కాపీలు పెట్టుకో, రెండు రకాల స్టోరేజ్‌లో, ఒకటి వేరేచోట, అని కొత్త పుస్తకాల్లో రాస్తున్నారు. నా క్లాస్‌మేట్ ఒకడు రెండు రోజుల షూటింగ్ ఒక్క కార్డ్ మీద పెట్టుకుని తిరిగాడు, ఆ కార్డ్‌నే మూడోరోజు పొద్దున్నే ఫార్మాట్ కొట్టాడు. వాడిప్పటికీ ఆ సినిమా గురించి ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు.

కెమెరా చాప్టర్ సంగతి. అంకెలు చూసి భయపడతావేమో, అవి చాలా తక్కువే నిజానికి. లెన్స్ మీద 2.8, 4, 5.6, 8, 11 అని ఉంటాయి, ఒక్కో మెట్టు ఎక్కితే లోపలికొచ్చే వెలుగు సగమవుతుంది. అంకె పెరిగితే వెలుగు తగ్గడమేంటని అందరూ తికమకపడతారు, ఎందుకంటే ఆ అంకె ఫోకల్ లెంత్‌ని (లెన్స్‌కి 50 మిల్లీమీటర్లు అని చెప్పే కొలత) వెలుగు వచ్చే రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చింది, 50 మిల్లీమీటర్ల లెన్స్‌లో రంధ్రం 25 ఉంటే 2, రంధ్రం 12.5కి తగ్గితే 4, భాగించేది చిన్నదైతే జవాబు పెద్దదవుతుంది, అంతే కథ. ఇది ఏ పుస్తకంలోనైనా అర పేజీలో ఉంటుంది, ఒక్కసారి అర్థమైతే మళ్ళీ చూడక్కర్లేదు.

దీనికన్నా ముఖ్యమైంది షట్టర్, అంటే ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగు ఎంతసేపు లోపలికి రావాలో తేల్చే తలుపు. మంచి ఎండలో ఫోన్‌తో తీసిన వీడియోలో మనుషులు నడుస్తుంటే అదోలా తెగితెగి కదిలినట్టు ఉంటుంది గమనించావా? వెలుగు ఎక్కువైంది కదా అని ఫోన్ తనంతట తనే షట్టర్ సెకనులో వెయ్యో వంతుకో ఇంకా వేగానికో పెంచేస్తుంది, దాంతో ఒక్కో ఫ్రేమ్ కత్తితో కోసినట్టు స్పష్టంగా పడుతుంది, కదలిక మసక ఉండదు, మన కంటికి సినిమాలో అలవాటైంది ఆ మసకే. సినిమాకి మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో ఫ్రేమ్‌కి దక్కే సమయంలో సగంసేపు షట్టర్ తెరిచి ఉంచడం ఆనవాయితీ, అంటే 1/48, మన ఫోన్లలో దగ్గరగా 1/50. మరి ఎండలో 1/50 పెడితే అంతా తెల్లగా పోతుందిగా అంటావు, అందుకే లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టర్ పెడతారు, కెమెరాకి కళ్ళద్దాలన్నమాట, 0.3 అని రాసుంటే ఒక స్టాప్ (ఇందాకటి ఒక మెట్టు, వెలుగు సగం), 0.6 రెండు, 0.9 మూడు. ఇదంతా చదివితే రెండు పేజీలు. నువ్వు ముందే ఎండలో తీసి, ఆ తెగితెగిన నడక చూసి చిరాకుపడి ఉంటే, ఆ రెండు పేజీలు డిటెక్టివ్ నవల్లా చదువుతావు.

లైటింగ్ చాప్టర్‌లో మూడు లైట్ల బొమ్మ ఉంటుంది, కీ (అసలు వెలుగు), ఫిల్ (నీడల్ని తగ్గించేది), బ్యాక్ (వెనకనుంచి పడేది). అది నేర్చుకో గానీ దాన్నే పట్టుకుని వేలాడకు. ఆ బొమ్మ చదివొచ్చిన మొదటి ఏడాది పిల్లలు తీసిన సీన్లన్నీ ఒకేలా ఉంటాయి, పడగ్గదిలో అర్ధరాత్రి నిద్రలేచినవాడి జుట్టు వెనకాల కూడా మెరుపే. దానికన్నా పనికొచ్చే ముక్క ఒకటుంది, చిన్న లైటు దగ్గర నుంచి మనిషి రెట్టింపు దూరం జరిగితే అతని మీద పడే వెలుగు సగం కాదు, నాలుగో వంతవుతుంది. లైటుకి దగ్గరగా ఉన్నవాడు ఒక్కడుగు వేస్తే మొహం మీద వెలుగు ఎందుకంతలా మారిపోతుందో, లైటు దూరంగా పెడితే గదంతా ఎందుకు సమంగా ఉంటుందో ఆ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. టేబుల్ లైటు పెట్టి ఎవర్నన్నా ముందుకీ వెనక్కీ నడిపించి చూడు.

సౌండ్ మీద మాత్రం నాకు పుస్తకాల పట్ల కొంచెం కోపం ఉంది. కెమెరాకి మూడు చాప్టర్లిచ్చి సౌండ్‌కి ఒక్కటి విదిలిస్తారు, అది కూడా వెనకాల. బొమ్మ కొంచెం అటూ ఇటూగా ఉన్నా జనం సర్దుకుంటారు, మాట వినపడకపోతే అర నిమిషం కూడా కూర్చోరు. ఆ ఒక్క చాప్టర్ మాత్రం అక్షరం వదలకుండా చదువు. మైకు నోటికి ఎంత దగ్గరుంటే అంత మంచిది, కెమెరా మీది మైకు కెమెరా ఉన్నచోట వింటుంది తప్ప మనిషి ఉన్నచోట కాదు. లెవెల్ డైలాగ్ గట్టిగా పలికినప్పుడు మీటర్ మీద మైనస్ 12 డీబీ (డెసిబెల్స్) చుట్టుపక్కల ఉండేలా చూసుకోమంటారు, ఎందుకంటే డిజిటల్‌లో సున్నా దాటితే శబ్దం పైభాగం తెగిపోతుంది, తర్వాత ఎంత తగ్గించినా ఆ తెగింది అతకదు. ఇక సీను అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి అర నిమిషం ఖాళీ గది శబ్దం రికార్డ్ చెయ్యి, అదే ఇందాక చెప్పిన రూమ్ టోన్. ఖాళీ గదికి శబ్దమేంటని నవ్వుతారు, నవ్వనీ.

పాత ఎడిషన్ పర్లేదా అన్నావు. ఎంత పాతదో రాయలేదు, ముందు పేజీల్లో ఏడాది చూడు. 2008లో ఫొటోలు తీసే డీఎస్ఎల్ఆర్ కెమెరాలకి హెచ్‌డీ వీడియో రావడం మొదలైంది, అప్పట్నుంచి స్టూడెంట్స్ చేతికి పెద్ద సెన్సార్ (లోపల బొమ్మని పట్టే పలక), మార్చుకునే లెన్సులు వచ్చాయి, కాబట్టి అంతకుముందు పుస్తకమైతే కెమెరా మోడళ్ళు, టేపులు, కేబుళ్ళ పేజీలన్నీ మ్యూజియం. సాఫ్ట్‌వేర్ మెనూలు చూపించే పేజీలు ఎడిషన్ ఎప్పటిదైనా రెండేళ్ళకే చచ్చిపోతాయి, వాటిని తిప్పెయ్. మిగతాది చావదు. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, షూటింగ్ టంగ్‌స్టన్ బల్బు 3200, పగటి వెలుగు 5600, ఇవి నీ తాత కాలంలోనూ అంతే. ఫ్రేమింగ్, గీత, కట్, మైకు దూరం, ఇవేవీ కెమెరా మారితే మారేవి కాదు.

ఒకటి మాత్రం చూడటానికి పాతబడ్డట్టుంటుంది గానీ పాతబడలేదు. ఫిల్మ్ రీళ్ళ గురించి రాసిన పేజీలు. 35 ఎం.ఎం. ఫిల్మ్ వెయ్యి అడుగుల రీలు సెకనుకి 24 ఫ్రేముల చొప్పున తిరిగితే 11 నిమిషాల్లో అయిపోతుంది, అడుగుకి 16 ఫ్రేములు, కావాలంటే లెక్కేసుకో. కెమెరా తిరుగుతున్నంతసేపూ డబ్బు ఖర్చవుతున్నట్టే, అందుకని అప్పటివాళ్ళు తీసేముందు రిహార్సల్ చేసేవాళ్ళు, ఏ షాట్ ఎందుకో ముందే కాగితం మీద ఉండేది, క్లాప్ కొట్టి నంబర్ చెప్పేవాళ్ళు, ఏ టేక్ బాగుందో అప్పుడే రాసుకునేవాళ్ళు. ఇప్పుడు కార్డ్ మీద ఎంతైనా పడుతుంది కదా అని మనం తీస్తూనే ఉంటాం, ఎడిటింగ్‌లో ఆరు గంటల ఫుటేజ్ ముందు కూర్చుని ఏడుస్తాం. కాబట్టి నీ పాత ఎడిషన్‌లో రిహార్సల్, షాట్ లిస్ట్, స్లేట్ (క్లాప్ బోర్డు) గురించి సాగదీసి రాసుంటే అవి తిప్పెయ్యకు, కొత్త ఎడిషన్లో అవే ఒక పేరాకి కుదించేసి ఉంటారు. అయితే కోర్సులో పరీక్ష కొత్త ఎడిషన్ మీద పెడితే మాత్రం ఆ తేడా చాప్టర్లు లైబ్రరీలో చూసుకో.

పుస్తకం చేతులెత్తేసే చోట్లు కూడా చెప్పాలి. నటుల చేత పని చేయించడం గురించి ఉన్నదంతా చదివినా నీకు వచ్చేది రెండే ముక్కలు: ఎలా ఏడవాలో చేసి చూపించకు, ఆ పాత్రకి అప్పుడేం కావాలో చెప్పు. మిగతాది మనుషులతో కూర్చుంటేనే. కథ చాప్టర్‌లో మూడు అంకాల గ్రాఫ్ ఉంటుంది, అది ఐదు నిమిషాల సినిమాకి తొడిగితే తండ్రి చొక్కా కొడుక్కి తొడిగినట్టుంటుంది, నేనైతే పక్కన పెట్టెయ్యమంటా. స్క్రిప్ట్ ఒక పేజీ అంటే తెర మీద ఒక నిమిషం అని రాస్తారు, అది ఇంగ్లీష్ స్క్రీన్‌ప్లేల ఫార్మాట్‌కి, అందులో వాడే 12 పాయింట్ కూరియర్ అక్షరాలకి కట్టిన ఉజ్జాయింపు, నువ్వు నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్న పేజీకి అది పనిచెయ్యదు. నువ్వే గట్టిగా చదువుతూ, నడిచే చోట నడుస్తూ, వాచీ పెట్టి చూసుకో.

ఇక మీ నాన్నగారు. నాకైతే ఈ ఉత్తరంలో ఆయనే నచ్చారు. నీకు చెప్పింది తీసి చదువు అని, ఆయనకి చూసి చదవమని చెప్పు. నీకు లేనిది తప్పులు కదా, ఆయనకి ప్రశ్నలు ఎప్పట్నుంచో ఉండే ఉంటాయి, అన్నేళ్ళు చూసినవాళ్ళకి ఉంటాయి, ఆ సీన్లో ఎందుకు ఒళ్ళు జలదరించింది, ఈ సినిమా ఎందుకు బోరు కొట్టింది, చెప్పడానికి మాటలు లేవంతే. అందుకే ఆయనకి ఈ పుస్తకం నీకన్నా తొందరగా అందుతుంది.

ఆయన్ని ఎడిటింగ్ చాప్టర్‌తో మొదలెట్టమను. కెమెరా అంకెలు, షెడ్యూళ్ళు, బడ్జెట్టు అన్నీ దాటెయ్యొచ్చు, ఎవరూ పరీక్ష పెట్టరు. ఎడిటింగ్‌లో కులెషోవ్ ప్రయోగం ఉంటుంది, లేని పుస్తకం నేను చూళ్ళేదు. రష్యాలో విప్లవం తర్వాతి రోజులు, ముడి ఫిల్మ్‌కి కరువు, లెవ్ కులెషోవ్ అనే ఆయన ఉన్న పాత ఫిల్మ్ ముక్కల్నే అటూ ఇటూ అతికిస్తూ కూర్చునేవాడు. ఒక నటుడి మొహం, ఏ భావమూ లేని ఒకే షాట్, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఒకసారి ఒక స్త్రీ. చూసినవాళ్ళు ఆకలి ఎంత బాగా చూపించాడో, దుఃఖం ఎంత బాగా పలికించాడో అని నటుణ్ణి మెచ్చుకున్నారట. ఈ కథ చదివి తలూపి ఊరుకోవద్దని చెప్పు, ఇంట్లోనే చెయ్యొచ్చు. నువ్వు ఏమీ ఆలోచించకుండా కిటికీలోంచి చూస్తున్న మొహం పది సెకన్లు తియ్యండి, దాన్ని ఏడుస్తున్న పిల్లాడి పక్కన ఒకసారి, పరీక్ష పేపర్ పక్కన ఒకసారి అతికించి మీ అమ్మగారికి చూపించండి. ఏమంటారో చూడండి.

తర్వాత సౌండ్. ఆయనకి బాగా తెలిసిన సినిమాలో ఒక సీను కళ్ళు మూసుకుని వినమను, మళ్ళీ అదే సీను శబ్దం ఆపేసి చూడమను. కట్ పడకముందే అవతలి సీన్లోని శబ్దం ముందు వచ్చేస్తుంది కొన్నిచోట్ల, రైలు కనపడకముందే రైలు కూత. దాన్ని జె కట్ అంటారు. మాట్లాడేవాడి గొంతు అలా వినపడుతుండగానే బొమ్మ వినేవాడి మొహం మీదకి వెళ్ళడం ఎల్ కట్. ఆయన ఇవి వేలసార్లు చూసే ఉంటారు, చూసినట్టు తెలియకపోవడమే ఎడిటర్ గెలుపు. నేనే ఎడిటర్ని కాబట్టి ఈ మాట చెప్తుంటే కొంచెం కుళ్ళుగా కూడా ఉంటుందనుకో, పని బాగా చేస్తే ఎవరికీ కనపడదు.

రెండు హెచ్చరికలున్నాయి. ఒకటి, ఇది చదివిన మొదటి రెండు మూడు వారాలు ఆయన సినిమా చూడనివ్వరు, 'అదుగో కట్ పడింది', 'చూశావా లైట్ ఎక్కణ్ణుంచో' అని పక్కన కామెంటరీ ఉంటుంది, ఆయన కూడా కథలో పడలేక ఇబ్బందిపడతారు. తగ్గిపోతుంది, మంచి సినిమా ఒకటి దొరికితే అన్నీ మర్చిపోయి మళ్ళీ మామూలు ప్రేక్షకుడైపోతారు. రెండోది, ఆయనకి సినిమా చరిత్రో, ఏ సినిమా ఎందుకు గొప్పదో తెలుసుకోవాలని ఉంటే ఈ పుస్తకం దానిక్కాదు. చరిత్రకి మహా అయితే ఇరవై పేజీలిస్తారు, 1895లో పారిస్‌లో లూమియేర్ సోదరుల ప్రదర్శన, తర్వాత నిశ్శబ్ద సినిమా, తర్వాత మాటలు, తర్వాత రంగులు, పరుగో పరుగు. వంటింట్లోకి తీసుకెళ్ళి పొయ్యి చూపించే పుస్తకం ఇది, భోజనం రుచి గురించి మాట్లాడేది వేరే. ఫిల్మ్ అప్రిసియేషన్ పేరుతో వేరే పుస్తకాలుంటాయి, రెండూ ఒకటే అనుకుని కొనుక్కుని నిరాశపడ్డవాళ్ళని చూశా.

నువ్వు కూడా కోర్సు మొదలయ్యాక దీన్ని కుదిరినప్పుడల్లా ఒకే తీరులో వాడుకో: ఒక ఎక్సర్‌సైజ్ తియ్యి, చిరాకులు రాసుకో, ఇండెక్స్ తెరువు. ఏడాదికల్లా మూడొంతులు చదివేసి ఉంటావు, వరసగా కాదు, పేజీలు మాసి ఉంటాయి. మిగిలిన వంతు ఎప్పటికీ చదవకపోయినా కొంపలేం మునగవు. పరీక్షల ముందు మాత్రం వెనక ఉన్న పదకోశం ఒకసారి తిరగెయ్, ప్రశ్నలన్నీ అక్కణ్ణుంచే వస్తాయి, ఈ మాట నేను చెప్పానని మీ సార్‌తో అనకు.

ఒకే కాపీ కాబట్టి నాన్నగారిని పెన్సిల్‌తోనే గీతలు పెట్టమను, ఆయన ఎక్కడ గీశారో నీకు తర్వాత పనికొస్తుంది, ప్రేక్షకుడికి ఏది ఆశ్చర్యంగా అనిపించిందో తెలుస్తుంది కదా. ఈ లోపల నీ ఒక నిమిషం సీను తీసెయ్. వంటింటికి దగ్గర్లో తీస్తే మాత్రం ఫ్రిజ్ ఆపు, లేకపోతే ఆ గుయ్ శబ్దం ప్రతి డైలాగ్ కిందా ఉంటుంది. ఆపేటప్పుడు నీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టు. తాళం లేకుండా ఇంట్లోంచి కదలలేవు కదా, దానికోసం తలుపు తీసినప్పుడు లోపల లైటు వెలగదు, మళ్ళీ ఆన్ చెయ్యడం గుర్తొస్తుంది.